పాలమూరు లా కాలేజీ ముందు పాలమూరు దావాలను చదవాలి

పాలమూరు విశ్వవిద్యాలయానికి లా కాలేజీ మంజూరైందని 2025లో వార్త వచ్చినప్పుడు మా బార్ అసోసియేషన్ హాల్లో ఆ పూటంతా అదే ముచ్చట. మా తరం వాళ్లం లా చదవాలంటే హైదరాబాద్ పోవాల్సిందే, లేదంటే నది దాటి కర్నూలుకో రాయచూరుకో పోవాలి. ఆడపిల్లకైతే హాస్టల్ ఖర్చు సంగతి తర్వాత, "వకీలు చదువు నీకెందుకు" అన్న ప్రశ్న ముందే గుమ్మంలో నిలబడేది. బండమీదిపల్లి క్యాంపస్‌కు పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇల్లు చేరే వీలుంటే ఆ ప్రశ్నకు సగం బలం పోతుంది. ఈ కాలేజీ రావడం నాకు చాలా సంతోషం.

ఆ రోజు హాల్లో సీట్లెన్ని అని మాట్లాడుకున్నారు, పాఠాలు ఎవరు చెప్తారని మాట్లాడుకున్నారు, ప్రాక్టీసులో పోటీ పెరుగుతుందని కొందరు దిగులు పడ్డారు. ఆ కాలేజీ ఏం రాస్తుంది, దేని మీద పరిశోధన చేస్తుంది అని మాత్రం ఎవరూ అడగలేదు. విశ్వవిద్యాలయం అన్నాక ఆ ప్రశ్న ఉండాలి కదా. నేను చెప్పదలచింది ఇదీ: అక్కడ జరిగే పరిశోధన మొదట ఈ జిల్లా ఫైళ్ల మీద, ఈ జిల్లా జనం దావాల మీద జరగాలి. తెలుగులో రాసినదాన్ని కూడా పరిశోధనగానే లెక్కగట్టాలి. నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలో ఎప్పుడు లా చదువు గట్టిగా నిలబడినా దానికీ ఇదే మాట చెప్తాను.

మా ఆఫీసులో జూనియర్‌గా చేస్తున్న అమ్మాయి ఎల్‌ఎల్‌ఎం కూడా చదువుతోంది. మక్తల్ దగ్గరి పల్లె వాళ్లది. తండ్రి ఏటా బొంబాయి పోయే తాపీ మేస్త్రీ. డిసర్టేషన్‌కు అంశం ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు ఒక జాబితా పట్టుకొచ్చి నా ముందు పెట్టింది. కారుణ్య మరణం, క్రిప్టో కరెన్సీ నియంత్రణ, కృత్రిమ మేధకు చట్టపరమైన వ్యక్తిత్వం, ఇంకా అట్లాంటివే. ప్రతిదాని చివరా "ఒక విమర్శనాత్మక అధ్యయనం" అని ఉంది. "మీ నాయిన లెక్క బొంబాయి పోయేటోళ్ల గురించి రాయరాదా? వలస కూలీల 1979 చట్టం పోయి కొత్త కోడ్ వచ్చింది. ఆ మార్పు మీ ఊరికి తగిలినంత ఎవరికి తగులుతది?" అన్నాను. ఆ పిల్ల నిజంగానే ఆశ్చర్యపోయింది. "అది మా ఇంటి ముచ్చట గదా మేడమ్, రీసెర్చ్ ఎట్లయితది?" అన్నది.

తెలివైన పిల్ల. రూలింగులు వెతకడంలో నాకంటే చురుకు. తప్పు ఆమెది కాదు. చట్టం ఢిల్లీలో పుడుతుంది, దాని మీద ఆలోచన పెద్ద నగరాల్లో జరుగుతుంది, పల్లెకు వచ్చేది సమన్లూ వారంట్లే అని ఇన్నేళ్ల చదువు ఆమెకు నేర్పింది. క్రిప్టో కరెన్సీ మీద రాయొద్దని నేననను. కానీ ఆమె ఒక్కతే రాయగలిగిన సంగతి ఒకటుంది, దాన్ని ఆమె సంగతే కాదనుకుంటోంది. నా బాధ అది.

ఇంటి ముచ్చటలో ఉన్న చట్టం

అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లో వచ్చింది. అయిదుగురు, అంతకు మించి వలస కూలీలను పెట్టుకునే కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాలి. ప్రతి కూలీకి ఫొటోతో పాస్‌బుక్ ఇవ్వాలి. ఊరు విడిచి వచ్చినందుకు ఒక భత్యం, రాకపోకల ఖర్చుకు మరో భత్యం. ఇదంతా కాగితం మీద ఉంది. నారాయణపేట, కోస్గి, మక్తల్ వైపు నుంచి నా దగ్గరికి వచ్చిన కూలీలను అందరినీ అడుగుతుంటాను, ఆ పాస్‌బుక్ ఎట్లుంటదో చూసినవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. చట్టం చెప్పే కాంట్రాక్టరు ఇక్కడ గుంపు మేస్త్రీ. అతను అదే ఊరివాడు, చాలాసార్లు అదే కులం, ఒక్కోసారి చుట్టం కూడా. అడ్వాన్సు అతనిస్తాడు, ఆసుపత్రి ఖర్చుకూ అతనే ఇస్తాడు, కూలి పట్టుకునేదీ అతనే. అతని పైన ఉన్న కంపెనీ ఎవరో కూలీకి తెలియదు.

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1979 చట్టం వృత్తి భద్రత కోడ్‌లో కలిసిపోయింది. వలస కార్మికుల అధ్యాయం వర్తించాలంటే ఇప్పుడు పది మంది ఉండాలి. ఊరు విడిచినందుకిచ్చే భత్యం పోయింది. ఎవరి ద్వారా కాకుండా సొంతంగా వెళ్లి పనిలో చేరినవాళ్లు కూడా వలస కార్మికుల కిందికి వచ్చారు, ఇది మంచి మార్పు. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్నలు చూడండి. మన గుంపుల్లో పది మందికి తక్కువున్నవి ఎన్ని? ఒకే మేస్త్రీ ఇద్దరు తమ్ముళ్ల పేర్ల మీద గుంపును చీల్చి చూపితే లెక్క ఎట్లా కడతారు? పదిమందిని పెట్టుకున్నది మేస్త్రీయా, బిల్డరా? వీటికి జవాబు ఢిల్లీ లైబ్రరీలో దొరకదు, దసరాకు ఊరికి వచ్చిన గుంపును కూర్చోబెట్టి అడిగితే దొరుకుతుంది. అడగగలిగినది ఆ మక్తల్ పిల్ల. బయటినుంచి వచ్చిన పరిశోధకుడికి మేస్త్రీ పేరు కూడా చెప్పరు.

కోస్గి వైపు నుంచి ఒకామె వచ్చింది. భర్త పుణెలో స్లాబ్ మీంచి పడి చనిపోయాడు. మేస్త్రీ కొంత డబ్బు చేతిలో పెట్టి తెల్ల కాగితం మీద వేలిముద్ర తీసుకున్నాడు. కేసు వేయాలంటే పుణె పోవాలి, అక్కడి భాషలో మాట్లాడాలి అని ఆమెకు చాలామంది చెప్పారట, చదువుకున్నవాళ్లు కూడా. 1923 నాటి పరిహార చట్టానికి 1995లో వచ్చిన సవరణ తర్వాత, చనిపోయినవాడి మీద ఆధారపడ్డవాళ్లు తాము ఉండే చోటే దరఖాస్తు వేసుకునే వీలు వచ్చింది. ఆమెకు ఆ సంగతి తెలిసేసరికి ఏడాది గడిచిపోయింది. మేం ఇక్కడే వేశాం, అవతలి వకీలు అధికార పరిధి లేదని అభ్యంతరం పెట్టాడు, అది నిలవలేదు. ఒక్క సెక్షన్ తెలియకపోవడం వల్ల ఇట్లా ఎందరు మేస్త్రీ ఇచ్చిన డబ్బుతో సరిపెట్టుకుని ఇళ్లలో కూర్చున్నారో లెక్క తీసినవాళ్లు లేరు. ఆ లెక్క తీయడం న్యాయశాస్త్ర పరిశోధన కాకపోతే మరేది అవుతుంది?

సాదా బైనామా

భూమి సంగతికి వస్తే నేను కొంచెం ఎక్కువే మాట్లాడతాను. నా పనిలో పెద్ద భాగం అదే.

మన వైపు సాదా బైనామాతో, అంటే రిజిస్టర్ కాని తెల్ల కాగితం మీద, భూమి కొన్నవాళ్లు ఊరికి పదుల సంఖ్యలో ఉంటారు. పెద్దమనుషుల ముందు రాసుకున్నారు, సాక్షులు వేలిముద్రలు వేశారు, డబ్బు ఇచ్చారు, ఆ రోజు నుంచి దున్నుకుంటున్నారు. వంద రూపాయలు, అంతకు మించిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్ కావాలని ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ అంటుంది. రిజిస్టర్ కాని కాగితం హక్కును ఇవ్వదు, అనుబంధ విషయానికి మాత్రం, అంటే స్వాధీనం లాంటిదాన్ని చూపడానికి, వాడుకోవచ్చని రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ మినహాయింపు అంటుంది. దావాలో ఆ కాగితం దాఖలు చేయగానే అవతలి వాళ్లు స్టాంపు అభ్యంతరం లేపుతారు. స్వాధీనం అప్పగించినట్టు అందులో రాసి ఉంటే అమ్మకం దస్తావేజుకు కట్టినంత స్టాంపు కట్టాలి, దాని మీద పదింతల జరిమానా. అరెకరం రైతు అంత ఎక్కడ తెస్తాడు? కట్టలేక కాగితం పక్కన పెట్టేస్తారు. కాగితం పక్కకు పోయాక దావాలో ఇంకేం మిగిలిందని చూస్తే నోటి సాక్ష్యం.

ఒక ముసలాయన ప్లాస్టిక్ కవర్లో మడతలు విరిగిన బైనామా తెచ్చి నా టేబుల్ మీద పరిచి, "బిడ్డా, ఇది చెల్లుతదా చెల్లదా, ఒక్క మాట చెప్పు" అన్నాడు. ఒక్క మాటలో చెప్పలేకపోయాను. సుప్రీంకోర్టు ఏమంటుందో నాకు తెలుసు. మన కోర్టుల్లో ఇట్లాంటి కాగితాలతో వచ్చినవాళ్లలో ఎందరికి స్వాధీనం నిలిచింది, పహాణీలో, అంటే ఏటా రాసే సాగు రికార్డులో, పేరు ఎన్నేళ్లు ఉంటే జడ్జీలు నమ్మారు, సాక్షులు చనిపోయిన చోట ఏం జరిగింది అన్నది మాత్రం నాకు నా ఫైళ్ల వరకే తెలుసు. పక్క చాంబర్లో ఉన్న సీనియర్‌కు ఆయన ఫైళ్ల వరకు తెలుసు. ఈ తెలివంతా నోటి మాటగా బతుకుతోంది, వకీలు చనిపోతే పోతుంది. ఎవరో ఒకరు వంద దావాలు ముందేసుకుని చదివి రాసి ఉంటే ఆ ముసలాయనకు నేను గట్టి జవాబు చెప్పగలిగేదాన్ని.

చట్టం చేసేవాళ్లకూ అది పనికొచ్చేది. తెలంగాణ భూహక్కులు, పట్టాదారు పాస్‌పుస్తకాల 2020 చట్టం పాత 1971 చట్టాన్ని రద్దు చేసినప్పుడు సాదా బైనామాల క్రమబద్ధీకరణకు చోటే లేకుండా పోయింది. అదే సమయంలో ప్రభుత్వం దరఖాస్తులు తీసుకుంది, దాదాపు 9 లక్షలు వచ్చాయి, ఏ చట్టం కింద పరిశీలిస్తారని హైకోర్టు ఆపింది. ఏళ్ల తరబడి ఆ దరఖాస్తులు మూలుగుతూ పడి ఉండిపోయాయి. 2025 భూభారతి చట్టంలో ఆరో సెక్షన్ పెట్టి, 2014 జూన్ 2కు ముందు కొన్న చిన్న, సన్నకారు రైతులు 2020 అక్టోబర్ 12 నుంచి నవంబర్ 10 మధ్య పెట్టుకున్న దరఖాస్తులను ఆర్‌డీఓ విచారించాలన్నారు. ఆ తేదీల్లో మీసేవ దాకా పోలేకపోయినవాడి సంగతేంది? బొంబాయిలో ఉన్నవాడి సంగతేంది? కరోనా ఏడాది అది, మరిచిపోవద్దు. మా జిల్లాలో అట్లా తప్పిపోయినవాళ్లెందరో ఒక తరగతి విద్యార్థులు ఒక మండలంలో తిరిగి రాస్తే, తర్వాతి సవరణకు అదే ఆధారమవుతుంది.

ఇది పగటికల కాదు. భూభారతి రూపకల్పనలో పనిచేసిన భూచట్టాల నిపుణుడు ఎం. సునీల్ కుమార్ ఎన్నో ఏళ్లుగా పల్లెల్లో తిరిగి రైతుల భూసమస్యల మీద పనిచేసినవారు, తెలుగులో రాసినవారు. ఊరి సమస్య చట్టంలో సెక్షన్ అయ్యే దారి ఉంది. ఆ దారిలో ఒక మనిషి నడవడం వేరు, ఒక విశ్వవిద్యాలయం ఏటా తన విద్యార్థులను నడిపించడం వేరు.

ఇట్లాంటివి ఇంకా ఉన్నాయి. శ్రీశైలం ముంపులో భూములు పోయిన కొల్లాపూర్, అలంపూర్ వైపు గ్రామాల పరిహార కేసులు, ముంపు కుటుంబాలకిచ్చిన జీవో 98 కింద ఉద్యోగాల కోసం తండ్రి తర్వాత కొడుకు తిరుగుతున్న ఫైళ్లు. అమ్రాబాద్ అడవిలో చెంచులకు 2006 అటవీ హక్కుల చట్టం ఆవాస హక్కు అని ప్రత్యేకంగా ఒకటి ఇచ్చింది, అది అక్కడ ఏ రూపంలో ఉందో రాయాలి. ఉమ్మడి నల్లగొండ వాళ్లకు రక్షిత కౌలుదారులకు భూమి మీద యాజమాన్యం ఇచ్చే 38-ఇ సర్టిఫికెట్ల గొడవలు తరతరాలవి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలిచ్చి మొదలుపెట్టిన భూదానం దేశమంతా తిరిగింది. దానం వచ్చిన భూముల గతి ఏమైందో అదే జిల్లా లా విద్యార్థులు తేల్చకపోతే ఇంకెవరు తేలుస్తారు?

తొందరెందుకంటే, కోర్టు రికార్డు గదుల్లో తీర్పు, డిక్రీ ఉంచి మిగతా కాగితాలను నిర్ణీత కాలం తర్వాత నిబంధనల ప్రకారం నాశనం చేస్తారు. సాక్షుల వాంగ్మూలాలు పోతాయి. మా నీళ్లబావి ఇక్కడ ఉండేది, చింతచెట్లు ఇన్ని ఉండేవి అని ముంపు రైతు కోర్టులో చెప్పిన మాట ఇంకెక్కడా ఉండదు.

విద్యార్థులతో అయ్యే పనేనా

అయితదని చూపినవాళ్లున్నారు. మరణశిక్ష పడ్డ ఖైదీల మీద ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2016లో నివేదిక తెచ్చింది. అందులో 373 మంది ఖైదీల వివరాలున్నాయి. జైళ్లకూ ఖైదీల ఇళ్లకూ వెళ్లి మాట్లాడినవాళ్లలో ఎక్కువ మంది లా విద్యార్థులే. శిక్ష పడ్డవాళ్లలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది ఆర్థికంగా బలహీనులని అప్పుడు లెక్కతో తేలింది. అంతకుముందు అందరికీ తెలిసినట్టే ఉండేది, చూపడానికి కాగితం లేదు. 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు, మరణశిక్ష వేసేముందు నిందితుడి జీవిత నేపథ్యం, మానసిక స్థితి గురించిన సమాచారం విచారణ దశలోనే తెప్పించుకోవాలని చెప్పింది. ఆ మాట వెనుక ఇట్లాంటి క్షేత్ర పరిశోధన ఉంది. ఆ పని చేసిన బృందం ఇప్పుడు స్క్వేర్ సర్కిల్ క్లినిక్ పేరుతో నల్సార్‌లో, అంటే మన శామీర్‌పేటలోనే ఉంది. నల్సార్ కూడా 1998లో రాష్ట్ర శాసనసభ చట్టం చేసి పెట్టిన విశ్వవిద్యాలయమే.

"నల్సార్ పిల్లలు వేరు, మన పిల్లలు వేరు" అని మా సీనియర్ ఒకాయన అన్నారు. ఇంగ్లిష్ సంగతిలో నిజం ఉండొచ్చు. కానీ పహాణీ చదవడంలో, గుంపు మేస్త్రీతో మాట్లాడడంలో, తహసీల్ ఆఫీసులో ఏ కాగితం ఎవరి దగ్గరుంటుందో తెలుసుకోవడంలో మన పిల్లలే ముందుంటారు. ఫలానా సర్వే నంబర్ పక్కన "చెరువు శిఖం" అని ఉంటే అది చెరువు నీళ్లు నిలిచే భూమి అని వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ప్రతి లా కాలేజీ న్యాయసహాయ క్లినిక్ నడపాలని నిబంధన ఉంది. 2011లో జాతీయ న్యాయసేవల సంస్థ తెచ్చిన క్లినిక్‌ల నిబంధనలు కూడా విద్యార్థులకు చోటిచ్చాయి. చాలా చోట్ల అది ఏడాదికి రెండుసార్లు పల్లెకు పోయి ఫ్లెక్సీ కట్టి ఉపన్యాసం చెప్పడంగా మిగిలింది. పాలమూరులో ఆ క్లినిక్ వారానికి ఒకరోజు ఒకే చోట కూర్చుని, వచ్చిన ప్రతి మనిషి సమస్యనూ రిజిస్టర్లో రాసుకుంటే, మూడేళ్లకు ఆ రిజిస్టరే ఒక గొప్ప పరిశోధన సామగ్రి. వేరే గ్రాంటు అక్కర్లేదు.

తెలుగులో రాస్తే

ఇక్కడ నాకు గట్టిగా ఎదురుచెప్పేవాళ్లు చాలామంది. రాజ్యాంగం 348వ అధికరణం హైకోర్టులో ఇంగ్లిష్ అంటుంది, కింది కోర్టులో కూడా దావా పత్రాలు ఇంగ్లిష్‌లోనే వేస్తాం, అట్లాంటప్పుడు తెలుగులో రాసిన థీసిస్ ఎవరు చదువుతారు, పిల్లల భవిష్యత్తు ఏం కావాలి అంటారు. ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోను. ఇంగ్లిష్ రాక హైకోర్టులో నోరు పెగలని పల్లెటూరి వకీళ్లను చూశాను. ఇంగ్లిష్ నేర్పాలి, బాగా నేర్పాలి. దాంతో నాకు పేచీ లేదు.

కానీ సాక్షి తెలుగులోనే చెప్తాడు. ఆ సాక్ష్యాన్ని ఇంగ్లిష్‌లోకి ఎక్కిస్తున్నప్పుడు ఎంత జారిపోతుందో రోజూ చూసే పని మాది. ఊరి దావా మీద రాసిన పరిశోధన ఆ ఊరివాళ్లు చదవగలిగితే, ఇక్కడ తప్పు రాశావని చెప్పేవాళ్లుంటారు. అట్లా సరిచూసే కళ్లు ఎంత పేరున్న జర్నల్‌కైనా ఉండవు. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టులో జస్టిస్ పి. నవీన్ రావు, జస్టిస్ నగేష్ భీమపాక ధర్మాసనం ఒక వీలునామా వివాదంలో తెలుగులో తీర్పు ఇచ్చింది. కక్షిదారులకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలన్నదే దాని వెనుక ఉద్దేశం. హైకోర్టు జడ్జీలు తెలుగులో తీర్పు రాయగలిగితే ఎల్‌ఎల్‌ఎం విద్యార్థి తెలుగులో డిసర్టేషన్ ఎందుకు రాయకూడదు? కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పి, తర్వాత వకీలుగా మారిన బాలగోపాల్ భూమి మీద, పోలీసుల మీద, రాజ్యాంగం మీద తెలుగులో చేసిన చర్చ ఏ లా జర్నల్‌కు తీసిపోతుందో చూపమనండి.

అధ్యాపకులకు అడ్డంకి వేరే ఉండేది. ప్రమోషన్‌కు లెక్కలోకి వచ్చే జర్నల్ కావాలి, ఆ జాబితా యూజీసీ చేతిలో ఉండేది. 2025 ఫిబ్రవరిలో యూజీసీ ఆ కేర్ జాబితాను ఆపేసింది, ఏ జర్నల్ మంచిదో విశ్వవిద్యాలయాలే ప్రమాణాలు పెట్టుకుని తేల్చుకోమంది. దీనివల్ల చెత్త జర్నల్స్‌కు తలుపులు తెరుచుకుంటాయన్న భయం సహేతుకమే. అయితే అదే తలుపులోంచి తెలుగు న్యాయ పత్రిక ఒకటి రావచ్చు. పాలమూరు, మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయాలు రెండూ కలిసి పెట్టుకోవచ్చు. బయటి పండితులు ఇద్దరు చదివి సరే అంటేనే అచ్చువేస్తామని నియమం పెట్టుకుంటే దాని విలువ దానికి వస్తుంది.

నన్ను వెనక్కి లాగే అనుమానాలు

ఉద్యోగం సంగతి మొదట. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు చదివే పిల్లకు మండలంలో తిరిగే తీరికెక్కడిది అని అడుగుతారు. నేను చూసినంతలో, ఒక భూమి దావాను మొదటి నోటీసు నుంచి డిక్రీ దాకా చదివిన విద్యార్థికి సివిల్ ప్రొసీజర్ కోడ్ వేరే బట్టీ పట్టాల్సిన అవసరం తగ్గుతుంది. ఇది చిన్న అభ్యంతరం.

నాణ్యత గురించి భయం ఇంకొంచెం పెద్దది. 2025 ఆగస్టులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దేశంలో కొత్త లా కాలేజీలకు మూడేళ్లు విరామం ప్రకటించింది. న్యాయవిద్య ప్రమాణాలు పడిపోతున్నాయనే. ఆ మాట తప్పనలేం. అధ్యాపకులు లేకుండా, గెస్ట్ ఫ్యాకల్టీతో నెట్టుకొచ్చే కాలేజీలో పరిశోధన అంటే పాత థీసిస్‌కు కొత్త అట్ట వేయడమే. రెగ్యులర్ పోస్టులు నింపకుండా నేను చెప్పే పని ఏదీ జరగదు, ఇది ప్రభుత్వానికి చెప్పాల్సిన మాట.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది మూడోది. పల్లెలో పేరు తీసేసి రాసినంత మాత్రాన ఎవరిదో దాగదు. సర్వే నంబర్ చెప్తే చాలు, ఊరంతా గుర్తుపడుతుంది. కక్షిదారు మాకు చెప్పిన మాటను బయట పెట్టకూడదని పాత సాక్ష్య చట్టంలో కట్టడి ఉండేది, కొత్త సాక్ష్య అధినియమంలో 132వ సెక్షన్‌గా అది కొనసాగుతోంది. దాన్ని దాటి ఏదీ విద్యార్థి చేతికి ఇవ్వలేం, కోర్టులో దాఖలైన కాగితం వరకే. దానికి మించి ఇంకొకటి. మా దగ్గర ఇంటర్న్‌షిప్ చేసిన ఒక అబ్బాయి వాళ్ల మండలంలో అసైన్డ్ భూములు, అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన భూములు, ఎట్లా చేతులు మారాయో నోట్ రాయడం మొదలుపెట్టాడు. 1977 చట్టం ఆ అమ్మకాలు చెల్లవంటుంది, అయినా చేతులు మారుతూనే ఉన్నాయి. వాడు తహసీల్ ఆఫీసులో రెండు కాగితాలు అడిగాడో లేదో వాళ్ల నాయినకు ఫోన్ వచ్చింది, "నీ కొడుకు చదువుకోనీయి, గిట్ల తిరగనీయకు" అని. నోట్ అక్కడే ఆగిపోయింది. రాయమని నేనూ మళ్లీ అడగలేదు. ఆ ఊర్లో వాళ్లకు అరెకరమే ఉంది, దాని పక్క చేను ఎవరిదో కూడా నాకు తెలుసు.

ఊరి మీద పరిశోధన చేయమని ఉపదేశించడం తేలిక, ఊర్లో బతకాల్సినవాడు వేరే. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కొంత జాగ్రత్త మాత్రం తోస్తోంది. విద్యార్థిని ఒంటరిగా సొంత ఊరి మీదికి పంపకూడదు. ఇతర మండలాల పిల్లలతో కలిపి జట్టుగా పంపాలి. కాగితాలు అడిగే దరఖాస్తు మీద విద్యార్థి సంతకం కాకుండా విభాగాధిపతి సంతకం ఉండాలి. ముందుగా అన్ని అప్పీళ్లూ ముగిసిన పాత దావాలతో మొదలుపెట్టాలి. అచ్చయ్యేదాని మీద కాలేజీ పేరు ముందు ఉండాలి. ఇన్ని చేసినా ఎవరికో ఫోన్ వస్తుంది. అప్పుడు విశ్వవిద్యాలయం ఆ పిల్లవాడి వెనక నిలబడుతుందా అన్నది ముందే తేల్చుకుని, రాతలో పెట్టి, తర్వాత పని మొదలుపెట్టాలి.

వకీళ్లు చేయాల్సింది

ఈ భారమంతా కాలేజీ మీద వేసి మేం చూస్తూ కూర్చోవడం న్యాయం కాదు. ప్రాక్టీసులో ఉన్న వకీలు రోజుకు మూడు గంటల వరకు లా పాఠాలు చెప్పవచ్చని 1979లోనే కేంద్ర ప్రభుత్వం నియమం చేసింది. మా బార్‌లో ముప్పై నలభై ఏళ్లుగా భూమి దావాలు నడిపినవాళ్లున్నారు. ఖాస్రా పహాణీలో ఉర్దూ రాత చదవగలిగినవాళ్లు ఇంకా కొందరున్నారు. వాళ్ల తర్వాత ఆ రాత చదివేవాళ్లు మా కోర్టులో ఉండరు. వారానికి ఒక సాయంత్రం వాళ్లను క్యాంపస్‌కు పిలిచి, ఒక్కో పాత దావాను విద్యార్థుల ముందు విప్పమంటే, రానన్నవాళ్లు తక్కువ మందే ఉంటారని నాకు నమ్మకం. ఈ సంగతి మా అసోసియేషన్ సమావేశంలో పెట్టాను, కొందరు సరేనన్నారు, పోటీ భయం ఉన్నవాళ్లు ఊరుకున్నారు. మళ్లీ పెడతాను.

మొదటి ఏడాదికి ఒక్క మండలం, ఒక్క రకం దావా చాలు. నన్నడిగితే సాదా బైనామా. మక్తల్ పిల్ల తన డిసర్టేషన్‌కు చివరికి వలస కార్మికుల కోడ్‌నే ఎంచుకుంది, గైడ్ ఇంకా ఒప్పుకోలేదు. తెలుగు సాక్ష్యాలను అనుబంధంగా అయినా యథాతథంగా పెట్టనివ్వమని ఉత్తరం రాస్తోంది. ఆ ఉత్తరం ముసాయిదా నేను దిద్ది ఇచ్చాను.